ఎక్కే ఎత్తు కాదు, పడుకునే ఎత్తు చూసుకోండి
ఎత్తైన శిఖరాలకు వెళ్లేవారు పగలు ఎంత ఎక్కారన్నదానికంటే రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటున్నారన్నది ముఖ్యంగా చూసుకోవాలి. 3,000 మీటర్లు దాటాక ఆ ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకండి. మూడు నాలుగు రోజులకోసారి ఉన్నచోటే ఇంకో రాత్రి ఆగండి. పగలు కాస్త పైకి వెళ్లి దిగివస్తే శరీరం అలవాటుపడటానికి మేలే. తలనొప్పితో పాటు వికారం, నీరసం మొదలైతే పైకి కదలవద్దు. తగ్గకపోయినా, అడుగులు తడబడినా వెంటనే దిగాలి, రాత్రయినా సరే! నొప్పి మాత్ర వేసుకుని ఎక్కేయడం చాలా ప్రమాదం.

తిరిగివచ్చాక మీ అనుభవం పంచుకునేటప్పుడు ఫోటోలతో పాటు ఏ రాత్రి ఎంత ఎత్తులో ఆగారో, ఒంట్లో ఎలా అనిపించిందో కూడా దయచేసి రాయండి. ఆ దారిన వెళ్లబోయేవారు మజిలీలు నిర్ణయించుకోవడానికి అన్నిటికంటే పనికొచ్చేవి ఆ వివరాలే.