ముసురు రోజుల్లో మారుమూల సినిమాలు వెతకడం ఎలా

కార్తీకం, మార్గశిరం వాయుగుండాల కాలం. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ముసురు పట్టిందంటే రెండు మూడు రోజులు గడప దాటే పని ఉండదు. ఫోన్ తెరిస్తే ఆప్‌లు చూపించేవన్నీ మొన్న చూసిన సినిమాకు తమ్ముళ్లే. ‘చూసి తీరాల్సిన వంద సినిమాలు’ లాంటి జాబితాలూ పెద్దగా పనికిరావు, మూడో సినిమాకే ఆసక్తి చచ్చిపోతుంది. ఒక పేరు పట్టుకుని దాని వెంట పోవడమే మేలు.

మన ఊరి మనిషితోనే మొదలుపెట్టొచ్చు. ‘ఫిడేలు రాగాల డజన్’ రాసిన నెల్లూరు కవి తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి 1970లో కన్నడంలో ‘సంస్కార’ తీశారు. జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు గెలిచిన తొలి కన్నడ సినిమా అదే. చూశాక టైటిల్స్‌లోని పేర్లు కాగితం మీద రాసుకోండి: నటులు, రచయిత, కెమెరామన్, ఎడిటర్. అందులో నటించిన గిరీశ్ కర్నాడ్ ఆ తర్వాత బి.వి. కారంత్‌తో కలిసి ‘వంశవృక్ష’ తీశారు. కారంత్ 1975లో ‘చోమన దుడి’ తీశారు. అందులో చోముడిగా వేసిన ఎం.వి. వాసుదేవరావే రెండేళ్లకు మృణాల్ సేన్ తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’లోనూ కనిపిస్తారు. కన్నడం చుట్టి మళ్లీ తెలుగుకే వచ్చామన్నమాట. దాని కెమెరా కె.కె. మహాజన్‌ది. ఆయన పేరు వెంట పోతే ‘భువన్ షోమ్’, మణి కౌల్ ‘ఉస్కీ రోటీ’ తగులుతాయి. ఈ చివరిది మాత్రం మొదటి వారంలో పెట్టుకోకండి, కథ కోసం కూర్చున్నవాళ్లను తరిమేస్తుంది.

సినిమా పేరు ఒక్కటే కొడితే అదే పేరున్న సీరియళ్లు, పాటలు వచ్చి పడతాయి. దర్శకుడి పేరు, విడుదలైన ఏడు కలిపి కొట్టండి. అప్పటికీ దొరక్కపోతే ఆ సినిమా భాష లిపిలోనే వెతకండి; కన్నడం, బెంగాలీ రాకపోయినా పేరును వికీపీడియా నుంచి కాపీ చేసుకోవచ్చు. డాక్యుమెంటరీలకు యూట్యూబ్‌లో ఫిల్మ్స్ డివిజన్ ఛానల్, పాత మూకీలకు ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉన్నాయి, రెండూ ఉచితమే. దేశదేశాల సినిమాలు చూపించే ఆప్ ముబీకి చందా కట్టాలి. అక్కడ దొరికే పేర్లు మీ కాగితం మీద ఓ పది పోగయ్యాక ఒక్క నెలకు కట్టుకుంటే గిట్టుబాటవుతుంది.

మొదలుపెట్టే ముందు నిడివి చూడండి. అసలు సినిమా 110 నిమిషాలైతే వీడియో 85కే అయిపోతుందంటే ఎవరో కోసేసిన ప్రింటు అది. ముఖాలు అడ్డంగా సాగినట్టుంటే 4:3 కొలత (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) బొమ్మను వెడల్పాటి 16:9కి లాగారు. దించుకున్న ఫైలైతే కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే ఉచిత వీడియో ప్లేయర్‌లో తెరిచి ‘ఏ’ నొక్కుతూ పోండి, సరైన ఆకారం దొరుకుతుంది.

వాయుగుండం కబురు రాగానే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. కరెంటు పోయి టవర్ల బ్యాటరీలు అయిపోతే నెట్ ఉండదు. బొమ్మ నాణ్యత 480పీ చాలు, గంటకు సుమారు అర జీబీ అవుతుంది. గీతలు పడ్డ పాత ప్రింటును 1080పీలో చూసినా ఒరిగేదేమీ లేదు.

ఇక సబ్‌టైటిళ్లు. మొదటి నుంచి చివరిదాకా ఒకే తేడాతో వస్తుంటే వీఎల్‌సీలో ‘జి’ గానీ ‘హెచ్’ గానీ నొక్కి సర్దండి, నొక్కిన ప్రతిసారీ 50 మిల్లీసెకన్లు జరుగుతుంది. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను ముందుకు పరిగెడుతుంటే ఆ సబ్‌టైటిల్ ఫైలు సెకనుకు 25 ఫ్రేముల ప్రింటు కోసం చేసింది, మీ సినిమా 24 ఫ్రేములది. 100 నిమిషాలకు నాలుగు నిమిషాల తేడా వస్తుంది. దాన్ని సర్దుతూ కూర్చోకుండా వేరే ఫైలు తెచ్చుకోండి.