మోడరేటర్‌ను రైఫిల్‌కే వదిలేయకండి

బ్రిటన్‌లో జింకల వేటకు వెళ్లేవారి రైఫిళ్లకు సౌండ్ మోడరేటర్, అంటే కాల్పుల చప్పుడు తగ్గించేందుకు గొట్టం కొనకు బిగించే పరికరం, మామూలే. ఇంటికి రాగానే తుపాకీ ఖాళీగా ఉందని చూసుకుని, మోడరేటర్‌ను విప్పేయండి. తూటాలోని మందు కాలినప్పుడు పుట్టే నీటి ఆవిరి లోపలి మసితో కలిసి గొట్టం కొనకూ మరలకూ తుప్పు పట్టిస్తుంది. గాలి ఆడే వెచ్చని చోట నిలబెట్టి ఆరనివ్వండి; తడిగా ఉండగానే సంచిలో పెట్టి బిగించడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. మరలకు పలుచగా నూనె రాస్తే చాలు. లోపల గుమ్మరిస్తే తర్వాతి కాల్పులకు పొగే పొగ!

పాయింట్ 22 రైఫిల్ (0.22 అంగుళాల సన్న గుండు పేల్చేది) అయితే సీసం కూడా పేరుకుంటుంది. దాన్ని వదిలించడానికి కొందరు వాడే వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ మిశ్రమం జోలికి పోకండి. సీసం కరుగుతుంది, నిజమే, కానీ గిన్నెలో మిగిలేది విషం. మళ్లీ బిగించాక మర వదులుగా లేదని చూసుకోండి. వంకరగా కూర్చుంటే గుండు మోడరేటర్ లోపలి పలకలకే తగులుతుంది.