సైకిల్ బాట మీద డిజైన్ – 5వ పాఠం: బోర్డు పాతకండి, మట్టి పోయండి

నాలుగో పాఠం అభ్యాసానికి మీరు పంపిన స్క్రీన్లన్నీ చూశాను. తప్పు నాదే. "ప్రమాదం ఉన్నచోట యూజర్‌కి ముందే తెలియాలి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. కొండ సైకిల్ బాటల్లో గ్యాప్ జంప్ (మధ్యలో ఖాళీ మీదుగా ఎగరాల్సిన చోటు) ముందు నల్ల డైమండ్ బోర్డు, అంటే "ఇది కష్టమైనది" అనే గుర్తు, ఉంటుందని కూడా అన్నాను. ఇంకేం, అందరూ బోర్డులు పాతేశారు. ఒకరి సెలవుల యాప్‌లో సెలవు పెట్టడానికి రెండు "ఖచ్చితంగానేనా?" బాక్సులు, రద్దు చేసుకోవడానికి మూడు. ఇంకొకరు అపాయింట్‌మెంట్ స్క్రీన్‌లో భాష మార్చినా అడుగుతున్నారు. తెలుగు కావాలన్న మనిషిని "నిజంగా తెలుగేనా?" అని అడగడం ఏమిటండీ!

ఈ వారం బ్రేకుల గురించి చెప్పాలనుకున్నాను. అది వాయిదా. ముందు ఈ బోర్డులు పీకాలి.

జంపులు రెండు రకాలు. గ్యాప్ జంప్‌లో ఎక్కే దిబ్బ ఒకటి, దిగే దిబ్బ ఒకటి, మధ్యలో ఖాళీ. అడుగు తక్కువ ఎగిరారా, ముందు చక్రం అవతలి దిబ్బ అంచుకు కొట్టుకుంటుంది, మీరు హ్యాండిల్ మీదుగా వెళ్లి పడతారు. టేబుల్‌టాప్‌లో కూడా అవే రెండు దిబ్బలు, అంతే దూరం. కాకపోతే మధ్యలో మట్టి పోసి బల్లలా చదును చేస్తారు. తక్కువ ఎగిరితే ఆ చదును మీద పడతారు, నడుము కాస్త అదురుతుంది, ముందుకు పోతారు. భయమేస్తే అసలు ఎగరకుండా దాని మీదుగా తొక్కుకుంటూ పోవచ్చు.

కెనడాలోని విస్లర్ బైక్ పార్కులో ఎ-లైన్ అనే బాట ఉంది. నల్ల డైమండ్ గ్రేడే, కానీ దానికి పేరు తెచ్చింది టేబుల్‌టాప్‌లే. అక్కడ ఎగరకుండా తొక్కుకుంటూ దిగేవాణ్ణి చూసి వెనకవాళ్లు విసుక్కుంటారు, ఎముకలు మాత్రం దక్కుతాయి. అది కట్టినవాళ్లు జంపు జంపుకీ ఓ మనిషిని నిలబెట్టి "ఎగురుతారా, ఖాయమా?" అని అడిగించలేదు. మధ్యలో మట్టి పోశారు.

మీ బాక్సులు ఆ నిలబెట్టిన మనిషి లాంటివి. మొదటి రోజు యూజర్ ఆగి చదువుతాడు. రెండో వారానికి ఆ మనిషి కనిపించడు.

ఇది నేను పుస్తకంలో నేర్చుకున్నది కాదు. కొన్నేళ్ల క్రితం ఒక ఆఫీసుకు బిల్లుల స్క్రీన్ డిజైన్ చేశాను. "చెల్లించినట్టు గుర్తించు" నొక్కగానే బాక్స్ వస్తుంది, బిల్లు నంబరు, మొత్తం చూపిస్తుంది, అవునా కాదా అంటుంది. నాకు భలే గర్వంగా ఉండేది. తప్పుగా గుర్తించిన బిల్లులు మాత్రం వస్తూనే ఉన్నాయి. చివరికి అకౌంట్స్‌లో ఒక పెద్దాయన వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆయన బటన్ నొక్కీ నొక్కగానే మౌస్‌ని స్క్రీన్ మధ్యకి, కొంచెం కుడివైపుకి జరిపారు. అక్కడ అప్పటికి ఏమీ లేదు. అర క్షణం తర్వాత బాక్స్ వచ్చింది, "అవును" బటన్ సరిగ్గా ఆయన బాణం కిందే మొలిచింది. టక్.

"సార్, మొత్తం చూడరా?"

"చూస్తూ కూర్చుంటే సాయంత్రానికి రెండొందల బిల్లులు అవుతాయా బాబూ?"

ఆయన చేతికి అవి రెండు క్లిక్కులు కావు, ఒక్కటే. నేను పెట్టిన బాక్స్ ఆయన పనిలో ఒక కదలిక అయిపోయింది. అక్షరాలు పెద్దవి చేసినా, ఎర్ర రంగు పూసినా, బటన్లు అటూ ఇటూ మార్చినా (ఇది మరీ దుర్మార్గం, దయచేసి చేయకండి) నాలుగు రోజులు తడబడి మళ్లీ అలవాటు పడతారు.

"యూజర్ చదివితే ఆగేవాడే కదా" అని ఇద్దరు రాశారు. చదివినా ఆగడు. 2018 జనవరి 13 ఉదయం 8:07కి హవాయి ప్రజల ఫోన్లకి క్షిపణి దూసుకొస్తోందని, ఇది డ్రిల్ కాదని అలర్ట్ వెళ్లింది. నిజానికి అది డ్రిల్లే. పంపిన ఉద్యోగికి "ఈ అలర్ట్ పంపాలనే అనుకుంటున్నారా?" అని బాక్స్ వచ్చింది, ఆయన యస్ నొక్కాడు. నిజంగానే దాడి జరుగుతోందని నమ్మానని తర్వాత చెప్పాడు. నమ్మినవాణ్ణి పదిసార్లు అడిగినా పదిసార్లూ యస్సే. ఇక దిగే వైపు చూడండి. అది తప్పుడు అలర్ట్ అని ఫోన్లకి రెండో మెసేజ్ వెళ్లేసరికి 38 నిమిషాలు పట్టింది. తప్పుడు అలర్ట్ వెళ్తే ఏం పంపాలో సిస్టమ్‌లో సిద్ధంగా పెట్టుకోకపోవడం అందుకో ముఖ్య కారణం. బోర్డు ఉంది, మట్టి లేదు.

సరే, మట్టి పోయడం ఎలా? పని ఇంకా మన గడప దాటకపోతే కాసేపు పట్టి ఉంచండి. జీమెయిల్ చేసేది అదే. "అన్‌డూ" నొక్కితే వెళ్లిన మెయిల్‌ని వెనక్కి లాక్కురాదు, అసలు 5 సెకన్లు పంపకుండా ఆపి ఉంచుతుంది. సెట్టింగ్స్‌లో 30 దాకా పెంచుకోవచ్చు. నేను ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా మొదట 30 పెట్టేస్తాను, 5 సెకన్లలో మనిషికి తన తప్పు తట్టదు. మన దగ్గరే ఉన్న డేటా అయితే తుడిచేయకుండా దాచండి, చెత్తబుట్టలో 30 రోజులు ఉండనివ్వండి. గడప దాటిపోతే ఎదురు ఎంట్రీ. దీన్ని నాకు నేర్పింది ఆ పెద్దాయనే. అకౌంట్స్‌లో తప్పు పడిన ఎంట్రీని చెరపరు, రివర్సల్ వేస్తారు. తప్పూ కనిపిస్తుంది, దిద్దుబాటూ కనిపిస్తుంది. నా స్క్రీన్‌లో ఆ దారి లేదు. బిల్లు తప్పుగా గుర్తిస్తే ఐటీకి మెయిల్ పెట్టి రెండు రోజులు ఎదురుచూడాలి. బాక్స్ తీసేసి, ప్రతి వరస చివరా "వెనక్కి" అని చిన్న బటన్ పెట్టాం. తప్పులు ఆగలేదు. ఐటీకి మెయిళ్లు ఆగాయి.

మట్టి పోయలేని చోట్లు కొన్ని ఉంటాయి. యూపీఐలో డబ్బు వెళ్తే వెళ్లినట్టే. అక్కడ కూడా ఊరికే "ఖాయమా?" అనకుండా పిన్ కొట్టేముందు అవతలి మనిషి పేరు చూపిస్తారు. రమేశ్‌కి పంపబోతూ సురేశ్ అని కనిపిస్తే చెయ్యి ఆగుతుంది. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో రిపాజిటరీ (ఒక ప్రాజెక్టు కోడంతా ఉండే చోటు) తీసేయాలంటే దాని పేరు మీరే టైప్ చేయాలి. బాటలు కట్టేవాళ్లు దీన్ని ఫిల్టర్ అంటారు. కష్టమైన బాట మొదట్లోనే ఒక ఇరుకు రాళ్ల మలుపు పెడతారు, అది దాటలేనివాడు అక్కడే వెనక్కి తిరుగుతాడు. సగం కొండ దిగాక పెడితే తిరిగే దారి ఉండదు. పన్నెండు పేజీల ఫారం నింపించి చివర్లో "మీకు అర్హత లేదు" అనే సైట్లు గుర్తొచ్చే ఉంటాయి.

అభ్యాసం. మీ ప్రొడక్ట్‌లో ఉన్న కన్ఫర్మ్ బాక్సులన్నీ ఏరండి. ఒక్కోదాని పక్కన, తప్పు నొక్కితే ఎవరికి ఫోన్ చేయాలి, సరిచేయడానికి ఎంతసేపు పడుతుంది అని రాయండి. "ఎవరికీ అక్కర్లేదు" అని రాసినవి ఈ వారమే తీసేయండి, మేనేజర్‌ని అడిగి మరీ. మిగిలిన వాటిలో ఎక్కువసేపు పట్టేదానికి వెనక్కి వచ్చే దారి గీయండి. గీసేముందు దాన్ని రోజూ వాడే మనిషి వెనక గంటసేపు నోరు మూసుకుని కూర్చోండి. బాక్స్ రాకముందే మౌస్ వెళ్లి కాచుకున్నది ఎన్నిసార్లో గీతలు పెట్టండి. నాకు స్క్రీన్‌షాట్లు వద్దు, ఆ గీతల కాగితం ఫొటో చాలు.

వచ్చేసారి బ్రేకులు. ఈలోగా సైకిల్ ఉన్నవాళ్లు దాన్ని చూడకుండా చెప్పండి: ముందు చక్రం బ్రేకు ఏ చేతి కింద ఉంది? అమెరికాలో సైకిల్ అద్దెకు తీసుకుని తొక్కినవాళ్లకి నేనెందుకు అడుగుతున్నానో ఈపాటికే అర్థమై ఉంటుంది.