ర్యాగింగ్‌ను మొదటి నెలలోనే ఆపడం ఎలా: అధ్యాపకుల కోసం

కళాశాలల్లో హింస చాలాసార్లు ర్యాగింగ్ రూపంలోనే మొదలవుతుంది కనుక, దానిని ఆపే పని తొలి తరగతికి ముందే మొదలు కావాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009 నిబంధనల ప్రకారం విద్యార్థులూ వారి తల్లిదండ్రులూ హామీపత్రం ఇవ్వాలి. అయితే ఆ కాగితాన్ని బీరువాలో దాచినంత మాత్రాన ఎవరికీ రక్షణ దొరకదు. సంతకానికి ముందే 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టాన్ని తేట తెలుగులో చదివి వినిపించి, దాని కింద జైలుశిక్ష కూడా పడుతుందని వివరించండి.

అసలు పని సీనియర్లతో ఉంది. తాము పడిన బాధనే ఆనవాయితీగా భావించి కొత్తవారికి అందించే ఆ పిల్లలను నిందితుల్లా నిలబెట్టకుండా, హాస్టల్లో తమ మొదటి రాత్రి ఎలా గడిచిందో పేరు లేకుండా రాయమనండి; ఆ కాగితాలను తరగతిలో చదివి చర్చించే ఒక్క గంట, గోడల మీది హెచ్చరిక బోర్డులన్నిటికంటే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

కొత్త విద్యార్థులను చిన్న బృందాలుగా చేసి, ఒక్కో బృందాన్ని రోజూ పలకరించే బాధ్యతను ఒక్కో అధ్యాపకుడికి అప్పగించండి. భోజనం మానేయడం, మొదటి పీరియడ్‌కు రాకపోవడం, ఇంటికి పంపమని పదేపదే అడగడం వంటి మార్పులను తేలికగా తీసుకోవద్దు. రాత్రివేళ హాస్టల్‌కు ముందుగా చెప్పకుండా వెళ్లండి.

ఫిర్యాదు వస్తే బాధితుడిని, నిందితులను ఒకే గదిలో కూర్చోబెట్టి రాజీ చేయకండి. నేరం జరిగినట్లు తేలితే 24 గంటల్లోగా పోలీసులకు ఫిర్యాదు చేయడం సంస్థాధిపతి విధి. విద్యార్థి నేరుగా జాతీయ ర్యాగింగ్ వ్యతిరేక హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబరుకు ఫోన్ చేయవచ్చు.