పాత రేసు బండి పుట్టుపూర్వోత్తరాలు – నాలుగో పాఠం: నంబర్లు కలవనప్పుడు

రేసు ఫలితాల పట్టికలు చదివే పద్ధతి ఈసారి చెబుతానని మూడో పాఠం చివర మాట ఇచ్చాను. ఆ మాట సగమే నిలబెట్టుకోగలుగుతున్నాను. క్రిందటి అభ్యాసం చాలామందిని బోల్తా కొట్టించింది. దాన్ని సరిచేయకుండా ముందుకు వెళితే రాబోయే పాఠాలన్నీ ఆ తప్పు మీదే కట్టుకోవలసి వస్తుంది. బి.ఎస్.ఏ. కంపెనీ చేసిన గోల్డ్ స్టార్ అనే పాత బ్రిటిష్ మోటార్ సైకిల్ ఒకదాని ఇంజన్ మీద డి.బి.డి.34 జి.ఎస్. అనీ, ఫ్రేమ్ మీద సి.బి.32 అనీ మొదలయ్యే నంబర్లు ఇచ్చి, అది ఏ కాలానిదో, ఎన్ని సీసీల బండో తేల్చమన్నాను. వచ్చిన జవాబుల్లో చాలావరకు ఒకే తీర్పు: ఫ్రేమ్ 350 సీసీ బండిది, ఇంజన్ 500 సీసీ బండిది, ఎవరో రెండింటినీ జతచేసి అంటగడుతున్నారు. ఒకరు మరో అడుగు ముందుకు వేసి, ఫ్రేమ్ 1954 నాటిదనీ ఇంజన్ 1956 తర్వాతిదనీ లెక్కగట్టి, అమ్మేవారి మీద పోలీసులకు ఇవ్వదగిన ఫిర్యాదు నమూనా కూడా జతపరిచారు. ఆ బండి అసలైనదే. తప్పులో సగం నాది; అక్షరాల వరస ఇంజన్‌కు వర్తించినట్టు ఫ్రేముకు వర్తించదని చెప్పడం, తెలిసిన సంగతే కదా అని వదిలేశాను.

ఇంజన్ నంబరులో 32 అంటే 350 సీసీ, 34 అంటే 500 సీసీ. అక్కడివరకు మీరు నేర్చుకున్నది సరైనదే. ముందున్న అక్షరాలు తరం చెబుతాయి: యుద్ధం తర్వాత 1948 చివర బయటికి వచ్చిన జడ్.బి., ఆ తర్వాత 1953కు బి.బి., 1954కు సి.బి., 1955కు డి.బి., 1956 నుంచి 1963లో తయారీ ఆగిపోయేదాకా డి.బి.డి. కానీ ఫ్రేముల సంగతి వేరు. వెనక స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే చేయి) ఉన్న గోల్డ్ స్టార్ ఫ్రేమ్ ఒకసారి కుదురుకున్నాక దాన్ని మార్చవలసిన అవసరం కర్మాగారానికి రాలేదు కాబట్టి, ఇంజన్ అక్షరాలు డి.బి., డి.బి.డి. అని ముందుకు నడిచినా ఫ్రేమ్ మీద సి.బి.32 అలాగే నిలిచిపోయింది. 350కీ 500కీ అదే ఫ్రేమ్ వాడారు. కనుక 500 సీసీ డి.బి.డి. ఇంజన్ కింద సి.బి.32 కనిపిస్తే అనుమానించవలసిన పని లేదు. అది కనిపించకపోతేనే ఆగి చూడాలి.

ఇక అసలు చిరాకు దగ్గరికి వస్తాను. అక్షరాల గొడవ పక్కన పెట్టినా, ‘అంకెలు కూడా రెండు చోట్లా ఒకటి కావు కదా’ అని చాలామంది అడిగారు. ఈ ప్రశ్న ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు. పాత బుల్లెట్ మీద రెండు చోట్లా ఒకే అంకె చూసి అలవాటుపడిన కళ్ళు మనవి. బేరానికి వెళ్ళినప్పుడు ‘నంబర్లు కలిశాయా’ అన్నదే మన మొదటి ప్రశ్న. ఆ అలవాటును బర్మింగ్‌హామ్ స్మాల్ హీత్ కర్మాగారంలో పుట్టిన గోల్డ్ స్టార్ మీదికి తీసుకువెళ్ళకూడదు. అక్కడ ఇంజన్ల వరస ఒకటి, ఫ్రేముల వరస మరొకటి. రెండూ వేటి దారిన అవి నడిచాయి. ఏ ఇంజన్ ఏ ఫ్రేములో కూర్చుందో చెప్పేది ఆ అంకెల పోలిక కాదు, బండి బయటికి వెళ్ళేటప్పుడు రాసిన పంపిణీ పుస్తకం. వధూవరుల పుట్టినతేదీలు ఒకటి కానక్కరలేదు, పెళ్ళి రిజిస్టరులో ఇద్దరి పేర్లూ ఒకే వరసలో ఉంటే చాలు.

దీని పర్యవసానాలు మూడు, మూడూ డబ్బుతో ముడిపడినవే. మొదటిది, బ్రిటన్ ప్రకటనల్లో గోల్డ్ స్టార్‌కు ‘మ్యాచింగ్ నంబర్స్’ అని రాస్తే అంకెలు సమానమని అర్థం కాదు; కర్మాగారం కలిపిన జంట ఇప్పటికీ విడిపోలేదని అర్థం. ఆ మాటకు పుస్తకం నకలు తోడు లేకపోతే అది అమ్మేవారి నమ్మకం మాత్రమే. రెండవది, ఎవరైనా గోల్డ్ స్టార్ చూపించి ‘చూడండి, ఇంజనూ ఫ్రేమూ ఒకే అంకె’ అని గర్వంగా చెబితే, అది మెచ్చుకోవలసిన చోటు కాదు, మనలాంటి కొనుగోలుదారులను సంతోషపెట్టడానికి ఎవరో అంకెలు కొట్టే పంచ్ పట్టుకున్నారేమోనని అనుమానించవలసిన చోటు. మూడవది అన్నిటికంటే బాధాకరం: మంచి బండి తెచ్చుకుని, అంకెలు కలవలేదన్న దిగులుతో ఫ్రేమ్ నంబరు అరగదీయించి కొత్తది కొట్టించిన మనిషిని నేను చూశాను. ఆ ఒక్క పూటలో ఆయన తన బండికి ఉన్న ఏకైక సాక్ష్యాన్ని తానే చెరిపేశాడు.

నేనూ దెబ్బతిన్నవాణ్ణే. చాలా ఏళ్ళ క్రితం ఒక వ్యాపారి దగ్గర జడ్.బి. అనుకుని ఒక ఇంజన్ కొన్నాను. అచ్చులు మరీ శుభ్రంగా ఉన్నాయన్నది అప్పట్లో నాకు సుగుణంగా కనిపించింది. ఇంటికి తెచ్చి, సిలిండర్ మొదట్లో నంబరు ఉన్న చోటును కిరసనాయిల్‌లో ముంచిన టూత్‌బ్రష్‌తో కడిగి, గది చీకటి చేసి, టార్చిని పక్కనుంచి దాదాపు అల్యూమినియానికి ఆనించి వెలిగించాను. చుట్టూ ఉన్న పోతలోహం ఇసుక అచ్చులోనుంచి వచ్చిన గరుకుతో ఉంది. నంబరున్న చోటు మాత్రం సన్నని సమాంతర గీతలతో, ఆకురాయి నడిచిన దారి స్పష్టంగా కనిపిస్తూ ఉంది. రెండు 3లలో ఒకదాని తల బల్లపరుపుగా, మరొకదాని తల గుండ్రంగా ఉన్నాయి, అంటే వాటిని కొట్టింది ఒక పంచ్ పెట్టెలోని అంకెలతో కాదు. మీరు కూడా నేరుగా పైనుంచి తీసిన ఫొటోను నమ్మకండి. ఆర్.టి.ఓ. ఆఫీసులో ఛాసిస్ మీద కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీస్తారే, అదే పని ఇక్కడా చేయండి. లోతులో తేడాలు కంటికంటే పెన్సిల్‌కే బాగా దొరుకుతాయి.

బండి దగ్గర చూడవలసిన మిగతావి త్వరగా చెబుతాను. గోల్డ్ స్టార్ స్వింగ్ ఆర్మ్ ఫ్రేములో కుడివైపు కింది గొట్టం ఆయిల్ పంపుకు చోటు ఇవ్వడానికి వంపు తిరిగి ఉంటుంది. అదే కంపెనీ మామూలు బండ్లయిన బి31, బి33 ఫ్రేములో ఆ వంపు ఉండదు. వాటి సిలిండర్ పోత ఇనుము, దీనిది అల్యూమినియం. గేర్‌బాక్సు మీద ఆర్.ఆర్.టి.2 ఉంటే అది రోడ్డు రేసులకు దగ్గరదగ్గర నిష్పత్తులతో కూర్చినది, ఎస్.సి.టి. అంటే మట్టిదారి పోటీలకు. గేర్‌బాక్సులు చేతులు మారినంత సులభంగా మరేవీ మారవు కాబట్టి దాన్ని సాక్ష్యంగా కాక సూచనగానే తీసుకోండి. ఎడ్డీ డౌ అంగడి భాగాలు కనిపిస్తే కంగారు పడవద్దు. 1955లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో ఔత్సాహికులకు పెట్టిన క్లబ్‌మన్స్ టి.టి. పోటీల్లో సీనియర్ (500 సీసీ) రేసు గెలిచిన ఆయన తర్వాత ఇంగ్లండ్‌లోని బాన్‌బరీలో ఈ బండ్లకే భాగాలు అమ్మాడు, ఎందరో వాటిని తెచ్చి బిగించుకున్నారు.

పంపిణీ పుస్తకం కోసం రాయవలసింది బ్రిటన్‌లోని వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ గ్రంథాలయానికి. లేదా గోల్డ్ స్టార్ ఓనర్స్ క్లబ్‌కు. అడిగేటప్పుడు ఒక్క ఇంజన్ నంబరే పంపవద్దు, ఒక్క ఫ్రేమ్ నంబరే పంపవద్దు. రెండూ విడివిడిగా పంపి, ఈ రెండూ ఒకే వరసలో ఉన్నాయా అని సూటిగా అడగండి. నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను: చేతిరాత పుస్తకంలో ఎడమ పేజీ అంతా ఇంజన్ చరిత్ర, కుడి పేజీ అంతా ఫ్రేమ్ చరిత్ర, రెండు నంబర్లూ ఉన్న కాగితం దొరికిన రోజున మాత్రమే రెండు పేజీల మీదుగా ఎర్ర సిరాతో ఒక గీత గీస్తాను. కంప్యూటర్‌లో రాసుకోవచ్చు కదా అంటారు, రాసుకోండి. కానీ గీత గీయాలన్న తొందర ఎంత బలమైనదో, ఖాళీ పేజీ ఎదురుగా ఉంటేనే తెలుస్తుంది.

ఆ పుస్తకం మీకు ఇచ్చేది ఇంజన్ నంబరు, ఫ్రేమ్ నంబరు, తేదీ, ఎవరికి పంపారన్నది. ఆ ‘ఎవరికి’ అన్నచోట ఉండేది సాధారణంగా వ్యాపారి పేరు, రేసరు పేరు కాదు. అయినా అది ఎన్నో కథలకు అడ్డుకట్ట వేస్తుంది. 1956 వసంతంలో కాలిఫోర్నియా ఓక్లండ్‌లోని హాప్ ఆల్జినా సంస్థకు ఓడెక్కిన బండి, అదే జూన్‌లో ఐల్ ఆఫ్ మ్యాన్‌లో పరుగెత్తిందని ఎవరైనా చెబితే, వాదన అక్కరలేదు. తేదీ విషయంలో ఒక్క జాగ్రత్త: కొత్త సంవత్సరపు మోడళ్ళు ముందటి శరదృతువులోనే బయటికి రావడం మొదలయ్యేది, కాబట్టి 1955 నవంబరులో వెళ్ళిన డి.బి.డి. కనిపిస్తే అది పొరపాటు కాదు. ప్రతి గోల్డ్ స్టార్ ఇంజన్‌నూ కర్మాగారంలో బెంచి మీద పరీక్షించి, ఆ అశ్వశక్తి లెక్కల కాగితం కొన్నవారికి ఇచ్చేవారు. అది దొరికితే అదృష్టమే. కానీ అది ఎడమ పేజీకి చెందిన కాగితం.

ఇప్పుడు ఫలితాల పట్టికలు. ఒక్క వాక్యం గుర్తుంటే చాలు: రేసు కార్యక్రమ పత్రంలోనూ, ఫలితాల పట్టికలోనూ మనిషి పేరు, రేసు నంబరు, బండి తయారీదారు పేరు ఉంటాయి, ఫ్రేమ్ నంబరు ఉండదు. 1956 క్లబ్‌మన్స్ టి.టి.లో జూనియర్ (350 సీసీ), సీనియర్ రెండూ బెర్నార్డ్ కాడ్ గోల్డ్ స్టార్ల మీద గెలిచాడన్నది ఏ పట్టిక చూసినా తెలుస్తుంది. మీ ముందున్న బండి ఆ రెండింటిలో ఒకటా కాదా అన్నది ఆ పట్టిక ఎప్పటికీ చెప్పదు. మనిషికీ ఇనుముకూ మధ్య వంతెన కావాలి. పేరూ నంబరూ ఒకే కాగితం మీద ఉన్న రసీదు, లాగ్‌బుక్కు, బీమా పత్రం వంటిది ఏదైనా సరే. బండితో పాటు బంగారు నక్షత్రపు పిన్ను చూపించినా అంతే. 1937 జూన్ 30న ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్ రేసు బాటలో బి.ఎస్.ఏ. ఎంపైర్ స్టార్ మీద గంటకు 107.57 మైళ్ళ వేగంతో ఒక చుట్టు తిరిగిన వాల్ హ్యాండ్లీకి ఆ పిన్ను ఇచ్చారు, ఆ పేరే మరుసటి సంవత్సరం బండికి పెట్టారు. పిన్ను గెలిచేది మనిషి, బండి కాదు.

ఫొటోల గురించి ఒక ఉదాహరణ చాలు. కమాను వంతెన మీద రెండు చక్రాలూ గాలిలో ఉన్న గోల్డ్ స్టార్ ఫొటో నాకు ఒకరు పంపారు. వెనక ‘1955 క్లబ్‌మన్స్’ అని పాత సిరాతో రాసి ఉంది. ఆ వంతెన ఐల్ ఆఫ్ మ్యాన్‌లోని బల్లా గ్రామంలోది, టి.టి. రేసుల 37.73 మైళ్ళ కొండదారి (మౌంటెన్ కోర్స్) మీద ఉంది. 1955లో మాత్రం క్లబ్‌మన్స్ రేసులు కొండదారి మీద జరగలేదు, 10.79 మైళ్ళ క్లిప్స్ కోర్సు మీద జరిగాయి. ఆ దారి బల్లా వైపు పోదు. అంటే ఫొటో అబద్ధమని కాదు. అది మరో ఏటిది కావచ్చు, అదే ఏడు సెప్టెంబరులో కొండదారి మీద జరిగిన మ్యాంక్స్ గ్రాండ్ ప్రి కావచ్చు. వెనకనున్న రాత తర్వాత ఎప్పుడో జ్ఞాపకం మీద రాసి ఉండవచ్చు. రేసు నంబరు చూసి ఆ రేసుల కార్యక్రమ పత్రాల్లో వెదికితే రాసినవారి పొరపాటు ఎక్కడో దొరుకుతుంది.

రోడ్డు మీద తిరిగిన బండి అయితే మరొక దారి ఉంది. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ రికార్డులు స్వాన్సీలోని కేంద్ర రిజిస్ట్రేషన్ కార్యాలయం కంప్యూటర్‌లోకి చేరకముందు స్థానిక కౌన్సిళ్ళ పుస్తకాల్లో ఉండేవి, 1983లో గడువు ముగిసేనాటికి మార్పించుకోని బండ్లు కేంద్ర జాబితాలో లేకుండా పోయాయి. కౌన్సిలు పుస్తకాల్లో మిగిలినవాటిలో కొన్ని డ్రాయిట్‌విచ్‌లోని కిట్‌హెడ్ ట్రస్ట్ దగ్గరికి చేరాయి. మీకు నంబరు ప్లేటు తెలిసి, ఆ జిల్లా పుస్తకం బతికి ఉంటే, యజమాని పేరూ ఇంజన్, ఫ్రేమ్ నంబర్లూ ఒకే వరసలో కనిపించే అవకాశం ఇదే. నా వరకు నేను ఎప్పుడూ ఇక్కడినుంచే మొదలుపెడతాను, పంపిణీ పుస్తకానికి తర్వాత రాస్తాను. శిష్యులు ఆ వరస తిరగేయడం నాకు నచ్చదు, కానీ అందులో తప్పేమీ లేదు.

అభ్యాసం. కొంచెం కష్టమైనదే, తొందర లేదు, నెల రోజులు తీసుకోండి. అమ్మకానికి ఉన్న ఒక గోల్డ్ స్టార్‌ను ఎంచుకోండి. ప్రకటనలోని ప్రతి వాక్యాన్నీ విడగొట్టి, అది ఇంజన్ గురించా, ఫ్రేమ్ గురించా, మనిషి గురించా అని మూడు వరసల్లో రాయండి. రెండు వరసలను కలిపే కాగితం పేరు ప్రతి వాక్యం ఎదుట రాయండి. కాగితం లేకపోతే ‘లేదు’ అనే రాయండి, ‘ఉండవచ్చు’ అని రాయకండి. తర్వాత అమ్మేవారికి ఒకే ఒక ఉత్తరం రాయండి: నంబర్ల పెన్సిల్ ప్రింట్లు, పక్కనుంచి వెలుగు పడేలా తీసిన ఫొటోలు, కుడివైపు కింది గొట్టం ఫొటో అడగండి. జవాబు వచ్చాక ‘లేదు’లు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి, ఆ లెక్కా మీ పట్టికా నాకు పంపండి. కొనవద్దు.