బంగాళాఖాతం కోర్ మట్టి: కడగడం, ఏరడం, లెక్క తీయడం

2006లో జోయిడిస్ రిజల్యూషన్ నౌక గోదావరి ముఖద్వారానికి ఎదురుగా తీసిన ఎన్‌జీహెచ్‌పీ-01-16ఎ కోర్‌లో (సముద్రపు అడుగులోంచి గొట్టంతో తీసిన నిలువు మట్టికడ్డీలో), గత పదివేల ఏళ్లలో పరీవాహక ప్రాంతం ఎలా ఎండుతూ వచ్చిందో ఆకుల మైనాల్లోనూ ఫోరామినిఫెరా అనే ఏకకణ సముద్రజీవుల సున్నపు పెంకుల్లోనూ దొరికింది. ఇలాంటి నదీముఖపు మట్టిలో అసలు శత్రువు బంక. దాన్ని సరిగా వదిలించకపోతే ఐసోటోపులను కొలిచే ఎంత ఖరీదైన మాస్ స్పెక్ట్రోమీటరూ ఆదుకోదు.

కోర్‌ను నిలువునా చీల్చాక ఒక సగం భద్రంగా దాచి, రెండో సగం నుంచే మట్టి తీసుకోండి. గొట్టాన్ని ఆనుకున్న అంచు వదిలేయాలి. కోర్ లోపలికి జారేటప్పుడు పై పొర మట్టి ఆ అంచు వెంట కిందికి ఈడ్చుకొస్తుంది. అడుగున ముతకగా, పైకి పోనుపోను మెత్తగా ఉండే ఇసుక పొరలు వాలు మీంచి జారిపడ్డవి, వాటినీ వదలండి. కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ ఉబ్బి ఏర్పడిన ఖాళీలను ముందే గుర్తుపెట్టుకోకపోతే లోతు లెక్క తప్పుతుంది.

నమూనాకు 10 ఘన సెంటీమీటర్ల మట్టి చాలు. ఫ్రీజ్ డ్రయ్యర్ (గడ్డకట్టించి ఆరబెట్టే యంత్రం) ఉంటే అదే వాడండి, ఓవెన్‌లో బంక ఇటుకలా గట్టిపడుతుంది. ఆరాక తూచి డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టండి. అయితే ఆ నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి కాస్త ఆమ్లంగా మారుతుంది. పలుచని పెంకులు అందులో కరుగుతాయి కాబట్టి చుక్క అమ్మోనియాతో పీహెచ్ 8కి తేవాలి. బంక విడవకపోతే దాన్ని విడదీసే పలుచని సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ వేసి, తర్వాత బాగా కడగండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ జోలికి పోవద్దు: మట్టిలో పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉంటే ఆమ్లం పుట్టి పెంకులను తినేస్తుంది.

63 మైక్రాన్ల జల్లెడలో సన్నని ధారతో, కింద నీరు తేటపడేదాకా కడగాలి. వేలితో రుద్దకండి. ఒక నమూనా అయ్యాక జల్లెడను మిథిలీన్ బ్లూ అనే నీలి రంగులో ముంచండి. తర్వాతి నమూనాలో నీలం పెంకు కనిపిస్తే అది పాతదని తెలిసిపోతుంది.

ఎండాక 250–355 మైక్రాన్ల భాగంలోంచి గ్లోబిజెరినాయిడిస్ రూబర్ అనే ఫోరామినిఫెరా జాతి తెల్లని పెంకులను తడిపిన 000 నంబరు సన్నని కుంచెతో ఏరండి. చివరి చుట్టులో మూడు గదులు, అంతకుముందు ఏర్పడిన రెండు గదుల అతుకు మీద సరిగ్గా నడిమధ్య నోరు ఉంటే అది రూబరే. నోరు పక్కకు ఒరిగితే అది శాక్యులిఫర్ అనే మరో జాతి. పరిమాణం కలగాపులగమైతే ఐసోటోప్ విలువలూ చెదురుతాయి.

పెంకులను రెండు గాజుపలకల మధ్య మెల్లగా పగలగొట్టి, మిథనాల్‌తో కడిగి, శబ్ద తరంగాలతో కదిలించే అల్ట్రాసోనిక్ తొట్టిలో కొన్ని క్షణాలే ఉంచండి. పెంకులోని మెగ్నీషియాన్ని బట్టే నీటి వేడిని అంచనా కడతారు కాబట్టి, గదుల్లో బంక మిగిలితే మెగ్నీషియం పెరిగి సముద్రం ఉన్నదానికంటే వెచ్చగా కనిపిస్తుంది. అందుకే అల్యూమినియం, ఇనుము కూడా కొలవాలి. అవి మెగ్నీషియంతో కలిసి పెరుగుతుంటే ఆ ఫలితం పనికిరాదు.

పెంకులోని ఆక్సిజన్-18 (బరువైన ఆక్సిజన్ ఐసోటోప్) విలువ ఒక్కటే చూసి ఉప్పదనం చెప్పేయొద్దు. ఒక డిగ్రీ వేడెక్కితే అది వెయ్యికి 0.2 పాళ్లు తగ్గుతుంది, నదినీరు కలిసినా తగ్గుతుంది. మెగ్నీషియం-కాల్షియం నిష్పత్తి డిగ్రీకి 6–9 శాతం పెరుగుతుంది. దానితో ఉష్ణోగ్రతను విడదీసి, హిమయుగపు మంచు ప్రభావాన్నీ తీసేశాక మిగిలిందే నీటి సంగతి. కోర్ పై కొసను నేటి సముద్రంగా పట్టుకోకండి. పిస్టన్ కోరర్ (కోర్ తీసే గొట్టపు పరికరం) దిగేటప్పుడు పై పొర తరచూ కొట్టుకుపోతుంది కాబట్టి, అదే చోట పై పొర చెదరకుండా తీసే మల్టీకోరర్‌తో తెచ్చిన మట్టికి రేడియోకార్బన్ వయసు కట్టి పోల్చాలి.