ఆర్టీఐతో పరిశోధన – 4వ పాఠం: ప్రశ్న వద్దు, కాగితం పేరు రాయండి

పోయినసారి పాఠం చదివి సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద దరఖాస్తులు పెట్టినవాళ్లలో చాలామందికి ఒకటే జవాబు వచ్చింది: "మీరు కోరినది సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం సమాచారం కాదు." ఏది సమాచారమో చెప్పే సెక్షన్ అది. ఈసారి బిల్లుల పరిశీలన మొదలుపెట్టాలి. అది ఆగుతుంది, ముందు ఈ చిక్కు విప్పుదాం. ఆఫీసును తిట్టుకోకండి, తప్పు ఎక్కువగా మన రాతలోనే ఉంది.

వెళ్లిన దరఖాస్తుల తీరు ఇది: "సిమెంటు రోడ్డు ఆర్నెల్లకే ఎందుకు పగిలింది? కాంట్రాక్టరు మీద చర్య ఎందుకు తీసుకోలేదు? ఇది న్యాయమేనా?" ఇది సంపాదకీయం, దరఖాస్తు కాదు. ఆఫీసులో ఉన్న రికార్డు చూపించమనే హక్కే చట్టం ఇచ్చింది. కారణాలు ఆలోచించి రాసిమ్మనే హక్కు ఇవ్వలేదు. సీబీఎస్‌ఈ – ఆదిత్య బందోపాధ్యాయ కేసులో 2011లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. మీ దరఖాస్తులో ప్రశ్నార్థకం ఒక్కటి కనబడినా జవాబివ్వాల్సిన సమాచార అధికారి (పీఐవో)కి తిరస్కరించే పని తేలికైపోతుంది.

కాబట్టి ప్రతి "ఎందుకు" వెనకా ఏ కాగితం దాగి ఉందో వెతకండి. రోడ్డు ఎందుకు పగిలిందో తెలియాలంటే మంజూరైన అంచనా, ఆ పని ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, క్వాలిటీ కంట్రోల్ నివేదిక కావాలి. చర్య సంగతికి ఒప్పందంలో లోపాల బాధ్యత కాలం (పనిలో లోపాలను కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు) రాసిన పేజీ, కాంట్రాక్టరుకు ఇచ్చిన నోటీసుల నకళ్లు, ఆ ఫైలు నోట్ షీట్లు (అధికారులు ఫైలు మీద తమ అభిప్రాయాలు రాసే కాగితాలు) అడగాలి. నోట్ షీట్లు మాత్రం వదలొద్దు. ఏ తేదీన ఎవరి బల్ల మీద ఫైలు ఆగిందో వాటిలోనే తెలుస్తుంది. "నోటీసులేవీ రికార్డులో లేవు" అని సంతకంతో జవాబు వచ్చిందా, వార్త సగం చేతికొచ్చినట్టే.

"పనులన్నిటి పూర్తి వివరాలు" అనీ రాయకండి. సెక్షన్ 7(9) చూపించి వనరులు చాలవంటారు. నిజానికి ఆ సెక్షన్ సమాచారాన్ని ఏ రూపంలో ఇవ్వాలన్న దాని గురించే, నిరాకరణకు దారి కాదు. అయినా ఆ వాదనలో నెలలు పోతాయి. నేనైతే నకళ్లు అడగకుండా ముందు 2(జె) కింద రికార్డుల తనిఖీ అడగమంటాను. ఫైలు తిప్పి చూసి, కావలసిన పేజీల నంబర్లు రాసుకుని, వాటికే నకళ్ల డబ్బు కట్టండి.

తనిఖీలో మొదట తెరవాల్సింది ఎం-బుక్. వరసగా పొడవు, వెడల్పు, మందం, పరిమాణం గడులుంటాయి. 400 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 0.15 మీటర్ల మందం అని రాస్తే 180 ఘనపు మీటర్ల కాంక్రీటు. కోర్ (రోడ్డును తొలిచి తీసే నమూనా) తీసిన నివేదికల్లో మందం అంతటా 0.12 దగ్గరే ఉంటే వాస్తవంగా పడింది 144. మిగతా 36కి బిల్లు ఎలా వెళ్లిందన్నదే మీ కథ. ఒక్క కోర్ చూసి తేల్చకండి, అది రోడ్డు అంచున తీసిందీ కావచ్చు. దిద్దుబాటు ఉంటే కొట్టివేత పక్కన సంతకం ఉందా చూడండి. కొలతల తేదీని పని అప్పగించిన తేదీతోనూ బిల్లు తేదీతోనూ పోల్చండి. పని అప్పగించకముందే కొలతలు ఎక్కిన పేజీ దొరికితే ఇక గుణకారాలు అక్కర్లేదు.

2023నాటి డేటా రక్షణ చట్టం ఆర్టీఐలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే సెక్షన్ 8(1)(జె)ని మార్చింది కనుక "వ్యక్తిగతం" అన్న సాకు ఇంకా పెరుగుతుంది. పేర్లు అడక్కండి, హోదాలు అడగండి. 8(2) కింద ప్రజా ప్రయోజనం ఏమిటో రెండు వాక్యాల్లో రాయండి.

గడువులు మీకు తెలిసినవే: జవాబుకు 30 రోజులు, అది రాకపోయినా నచ్చకపోయినా మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రెండోది. జవాబు రాలేదని కొత్త దరఖాస్తు పెట్టడం మాత్రం మానండి, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

అభ్యాసం: తిరస్కరణకు గురైన మీ దరఖాస్తులోని ప్రతి ప్రశ్ననూ ప్రశ్నార్థకం లేకుండా తిరగరాయండి. ఒక్కోదానికి కాగితం పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఆఫీసులో ఏ విభాగం గదిలో ఉంటుందన్నవి మూడూ ఉండాలి. మూడోది తెలియకపోతే ఆ ఆఫీసు సెక్షన్ 4(1)(బి) కింద ఎవరూ అడక్కుండానే తనంతట తాను ప్రకటించిన సమాచారం తిరగేయండి. దరఖాస్తు మొత్తం ఒక పేజీ దాటకూడదు.